ఎలక్ట్రిక్ ట్రాలీ కోసం ఆగాలా, డీజిల్ బండే తీసుకోవాలా?

పరకాల_ట్రాలీ:
నాది 2013 మోడల్ డీజిల్ ట్రాలీ, నాలుగు చక్రాల చిన్న సరుకు బండి. ఇంజిన్ రెండుసార్లు విప్పించాను. మూడోసారి విప్పించే ఓపిక నాకూ లేదు, దానికీ లేదు. తెల్లవారుజామున చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూరగాయలు ఎత్తుకుని వరంగల్ లక్ష్మీపురం మార్కెట్‌కు వస్తాను, తిరుగు కిరాయి దొరికితే కిరాణా సరుకు వేసుకుని పోతాను. పత్తి, మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డుకు. మామూలు రోజుల్లో 80 కిలోమీటర్ల దాకా తిరుగుతుంది, సీజన్‌లో 150 కూడా దాటుతుంది.

కొత్త బండి తీసుకోవాలి. అడ్డా మీద రెండు పార్టీలయ్యాయి. కొందరు “ఇంకో రెండేళ్లు ఆగు, ఎలక్ట్రిక్ ట్రాలీలు డీజిల్ రేటుకే వస్తాయి” అంటున్నారు. ఇంకొందరు “ఆ మాట ఎన్నేళ్ల నుంచి వింటున్నాం, డీజిల్ తీసుకుని పని చూసుకో” అంటున్నారు. పెద్ద అప్పు చేసే ధైర్యం నాకు లేదు. మీరేమంటారు? తిట్టుకోకుండా చెప్పండి.

హంటర్_రోడ్:
ఆగినవాళ్ల కథ ఒకటి చెబుతాను అన్నా, అమెరికాది. టెస్లా 2019 నవంబర్‌లో సైబర్‌ట్రక్ అనే ఎలక్ట్రిక్ పికప్ చూపించి, మొదటి మోడల్ 39,900 డాలర్లకే ఇస్తామంది. బళ్లు జనం చేతికి రావడం మొదలైంది 2023 నవంబర్ 30న. అప్పుడు చెప్పిన అతి తక్కువ రేటు 60,990. ఆ మోడల్ కూడా వెంటనే ఇవ్వలేదు, ముందు 80 వేల డాలర్ల బండి తీసుకోండి అన్నారు.

ఫోర్డ్‌దీ అదే తీరు. 2021 మేలో ఎఫ్-150 లైట్నింగ్ అనే ఎలక్ట్రిక్ పికప్ 39,974 డాలర్లు అని ప్రకటించింది. మరుసటి ఏడాది బండి రోడ్డెక్కింది. 2023కి అదే మోడల్ 60 వేల దగ్గరికి పోయింది, మళ్లీ 50 వేలకు దించారు. చివరికి 2025 డిసెంబర్‌లో, పూర్తి బ్యాటరీ మీద నడిచే లైట్నింగ్‌ను ఇక చేయం అనేశారు. జనరల్ మోటార్స్ తన ఓరియన్ ప్లాంటును ఎలక్ట్రిక్ పికప్‌ల కోసం అని చెప్పి, రెండుసార్లు వాయిదా వేసి, ఇప్పుడు పెట్రోల్ బళ్లకు మళ్లించింది. లార్డ్స్‌టౌన్ అనే కొత్త కంపెనీ 2023 జూన్‌లో దివాలా తీసింది. రామ్ కంపెనీ తన ఎలక్ట్రిక్ పికప్‌ను 2025లో రద్దు చేసుకుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అంత డబ్బున్న దేశంలోనే ఇట్లా ఉంటే, పరకాలకు రెండేళ్లలో చౌక బండి వస్తుందని ఎవరు హామీ ఇస్తారు?

కాజీపేట_వైండింగ్:
హంటర్ రోడ్ తమ్ముడూ, కథ బాగుంది కానీ ఆ బండి వేరు, మన ట్రాలీ వేరు. లైట్నింగ్‌లో చిన్న బ్యాటరీయే 98 యూనిట్ల కరెంటు పట్టేది. మన టాటా ఏస్ ప్రో ఎలక్ట్రిక్‌లో ఉన్నది 14.4 యూనిట్లు. వాళ్ల ఒక్క బండి బ్యాటరీతో మన ఏడు ట్రాలీలు కట్టొచ్చు, దాదాపుగా. ఎలక్ట్రిక్ బండిలో అన్నిటికన్నా ఖరీదైన సామాను బ్యాటరీయే. వాళ్లు పడవ లాంటి బండిని 400 కిలోమీటర్లు నడిపించాలి, అందుకే రేటు దిగలేదు.

మన దగ్గర రేటు దిగింది. నేను బండి అమ్మేవాణ్ణి కాదు, మోటార్లు చుట్టేవాణ్ణి, కాబట్టి నమ్మండి. ఏస్ ఈవీని 2022 మేలో చూపించారు, 2023 జనవరి నుంచి ఇచ్చారు, ధర 9.99 లక్షలు. 2024 అక్టోబర్‌లో మహీంద్రా జియో 7.52 లక్షలతో మొదలైంది. 2025 జూన్‌లో ఏస్ ప్రో ఎలక్ట్రిక్ 6.50 లక్షలు. రెండున్నరేళ్లలో మూడున్నర లక్షలు తగ్గింది. అడ్డా మీద “ఆగు” అన్నవాళ్లు పూర్తిగా తప్పేమీ చెప్పలేదు.

హంటర్_రోడ్:
రేటు తగ్గిందా, బ్యాటరీ తగ్గిందా? 9.99 లక్షల బండిలో 21.3 యూనిట్లు. 6.50 లక్షల బండిలో 14.4. గ్లాసు చిన్నది చేసి చాయ్ చౌక అన్నట్టు.

ఇంకో మాట. ఆ 2023 జనవరిలో మొదటి బళ్లు ఎవరికి పోయాయి? అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, డెల్హివరీ లాంటి కంపెనీలకు. అడ్డా మీద నిలబడే మనిషికి కాదు.

కాజీపేట_వైండింగ్:
బ్యాటరీ తగ్గిన మాట నిజం. ఒప్పుకుంటా. కానీ రోజుకు 80 కిలోమీటర్లు తిరిగేవాడికి 21 యూనిట్లు ఎందుకు? వాడని బ్యాటరీకి కిస్తీ కట్టడం కూడా నష్టమే కదా.

హిసాబ్_పక్కా:
అందరూ మాటలే, లెక్క ఎవరూ వేయడం లేదు. ఏస్ ప్రో ఒకే బండి పెట్రోల్‌లోనూ ఉంది, ఎలక్ట్రిక్‌లోనూ ఉంది, పోలిక సులువు. విడుదలైనప్పుడు పెట్రోల్ 3.99 లక్షలు, ఎలక్ట్రిక్ 6.50. తేడా 2.51 లక్షలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి వచ్చింది. అంటే పెట్రోల్ బండి ఇంకో 31 వేల దాకా తగ్గాలి. ఎలక్ట్రిక్‌కు ముందు నుంచీ 5 శాతమే కాబట్టి దానికి తగ్గేది లేదు. తేడా ఇప్పుడు 2.82 లక్షలు అనుకోండి. ఎలక్ట్రిక్‌ను ఎవరూ పెంచలేదు, పక్క బండి దిగింది. ఇది ఎవరూ మాట్లాడరు.

ఇక నడిపే ఖర్చు. పెట్రోల్ 107, లోడుతో లీటరుకు 18 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు ఆరు రూపాయలకు కొంచెం తక్కువ. ఎలక్ట్రిక్‌కు కంపెనీ చెప్పే 155 కిలోమీటర్లు పక్కన పెట్టి 110 అని వేశాను. చార్జింగ్‌లో పోయేది కలిపి 16 యూనిట్లు, ఇంట్లో పై స్లాబులో పడి యూనిట్ 9 రూపాయలు అనుకున్నా కిలోమీటరుకు రూపాయిన్నర దాటదు. మిగులు నాలుగున్నర. రోజుకు 80 చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే 9 వేల దాకా మిగులుతుంది. తేడా తీరడానికి రెండున్నరేళ్ల పైన, వడ్డీతో మూడేళ్లు. అదే రోజుకు 40 తిరిగితే ఐదేళ్లు దాటుతుంది, అప్పుడు వద్దే వద్దు. రోజుకు 110 దాటితే మధ్యలో చార్జింగ్ పెట్టాలి, కిరాయి పోతుంది. అంటే 60 నుంచి 100 మధ్య తిరిగే బండికే ఇది పనికొస్తుంది. అన్నా, మీరు ఏ గీతకు ఏ పక్క ఉన్నారో మీ డైరీ చూస్తే తెలుస్తుంది.

మిర్చి_సీజన్:
హిసాబ్ గారూ, మీ లెక్కలో బరువు ఏది?

మాది నర్సంపేట పక్క ఊరు. ఎనుమాములకు మిర్చి తెచ్చే ట్రాలీ మీద ఎన్ని బస్తాలు వేస్తారో మీరెప్పుడైనా గేటు దగ్గర నిలబడి చూశారా? బస్తా 40 కిలోలు వేసుకున్నా 40 బస్తాలంటే 1,600 కిలోలు. ఏస్ ప్రో మోసేది 750 కిలోలు, అంటే 18 బస్తాలు. నేను రెండు ట్రిప్పులకు కిరాయి ఇవ్వను కదా. ఒక్క ట్రిప్పులో తెచ్చేవాడినే పిలుస్తాను.

ఓవర్‌లోడ్ తప్పని నాకూ తెలుసు. చట్టంలో జరిమానా 20 వేలు, పైన టన్నుకు 2 వేలు. అయినా ఈ ధందా మొత్తం దాని మీదే నడుస్తోంది. కిరాయిలు ఆ బరువును బట్టే ఖాయమయ్యాయి. డీజిల్ బండి మూలుగుతూ అయినా లాగుతుంది. ఎలక్ట్రిక్ బండి మీద రెండింతలు వేస్తే 110 అన్నది ఎంతకు పడుతుందో కాజీపేట అన్న చెప్పాలి.

కాజీపేట_వైండింగ్:
లాగడానికి లాగుతుంది, మోటారుకు మొదటి పట్టు డీజిల్ కన్నా ఎక్కువ. కానీ ఎంత దూరం పోతుందో నేను చెప్పలేను, ఎందుకంటే ఆ బండి దాని కోసం కట్టింది కాదు. మోటారు, దానికి కరెంటు అందించే కంట్రోలర్ వేడెక్కితే బండి తనంతట తానే జోరు తగ్గించుకుంటుంది. మీ మిర్చి వచ్చేదే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. వరంగల్ ఎండ సంగతి వేరే చెప్పాలా? ఓవర్‌లోడ్‌తో ఏదైనా కాలితే వారంటీ అడగడానికి మొహం ఉండదు.

హిసాబ్_పక్కా:
బరువు సంగతి మర్చిపోయాను. నా లెక్క కూరగాయల రోజులకే, సీజన్‌కు కాదు. మిర్చి గారు చెప్పిన పనికి టన్నుంపావు బళ్లు ఉన్నాయి. ఆయిలర్ స్టార్మ్ 2024లో వచ్చింది, 1,250 కిలోలు. రెండు మోడళ్లు, 8.99 లక్షలు, 12.99 లక్షలు. అంటే ఆ సైజులో ఎలక్ట్రిక్ లేదని కాదు. పరకాల అన్న ధైర్యం చేసే రేటులో లేదు.

కిరాణా_హోల్‌సేల్:
నడుపుతున్నవాడిగా చెబుతా. హనుమకొండలో నాకు రెండు ఎలక్ట్రిక్ ట్రాలీలు ఉన్నాయి. సబ్బులు, నూనె ప్యాకెట్లు, బిస్కెట్లు దుకాణాలకు వేస్తాం. రోజుకు 60, 70 కిలోమీటర్లు. రాత్రి గోదాములో చార్జింగ్. నడిపే పిల్లలు “సేఠ్, మళ్లీ డీజిల్ బండి ఇవ్వకు” అన్నారు. క్లచ్ తొక్కే పని లేదు, చప్పుడు లేదు. ఇంతవరకు బాగుంది.

బాగాలేనిది కూడా వినండి. అందులో ఒకటి పోయిన వర్షాకాలం ఆగిపోయింది. కంపెనీ పేరు చెప్పను. కంట్రోలర్ పోయింది, సామాను బయటి నుంచి రావాలన్నారు. 19 రోజులు. నాకు రెండో బండి ఉంది కాబట్టి తట్టుకున్నా. ఒక్కటే బండి ఉన్న మనిషికి 19 రోజులంటే కిస్తీ ఎగిరిపోతుంది. డీజిల్ ట్రాలీ ఆగితే ములుగు రోడ్డు మీద చెట్టు కింద మెకానిక్ కూడా సాయంత్రానికి లేపుతాడు. నేను రేటు కన్నా దీన్నే పెద్ద సమస్య అంటాను.

పరకాల_ట్రాలీ:
కిరాణా సేఠ్, ఇదే నా టెన్షన్. నిన్న ఒక ఫైనాన్స్ ఆఫీసుకు పోయాను. డీజిల్ అయితే తక్కువ కడితే చాలన్నారు, ఎలక్ట్రిక్ అనగానే ముందు కట్టే డబ్బు పెంచారు, వడ్డీ కూడా. ఎందుకంటే “రేపు గుంజుకొస్తే ఎవరు కొంటారు” అన్నాడు. మొహం మీదే. సబ్సిడీ ఏమైనా ఉందా అంటే నవ్వాడు.

హిసాబ్_పక్కా:
నవ్వాల్సిందే. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం చూడండి. మూడు చక్రాల ఆటోలకు ఇచ్చారు. పెద్ద లారీలకు 9.6 లక్షల వరకు పెట్టారు, కానీ మూడున్నర టన్నులు దాటిన బళ్లకే, అది కూడా పాత లారీని తుక్కు చేస్తేనే. మధ్యలో ఉన్న నాలుగు చక్రాల ట్రాలీకి ఏమీ లేదు. 10,900 కోట్ల పథకంలో మన సైజు బండికి గడి లేదు.

ఉన్నదల్లా రాష్ట్రానిది. 2024 నవంబర్ నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ సరుకు ట్రాలీలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఆ ఉత్తర్వు గడువు 2026 డిసెంబర్ 31. రెండేళ్లు ఆగమంటున్న అడ్డా మిత్రులు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

హంటర్_రోడ్:
అందుకే నేను ఆగొద్దంటున్నా. డీజిల్ తీసుకోండి.

కాజీపేట_వైండింగ్:
అందుకే నేనూ ఆగొద్దంటున్నా. ఎలక్ట్రిక్ తీసుకోండి.

మిర్చి_సీజన్:
మీ ఇద్దరూ కలిసి ఆ మనిషిని పిచ్చోణ్ణి చేసేలా ఉన్నారు.

నిర్వాహకుడు:
ఏ పార్టీ ప్రభుత్వం ఏం చేసిందన్న రెండు పోస్టులు తీసేశాను. ఆ గొడవకు వేరే గది ఉంది.

పరకాల_ట్రాలీ:
హిసాబ్ అన్న చెప్పినట్టు డైరీ తీశాను. డీజిల్ పోయించిన ప్రతిసారీ రీడింగ్ రాసే అలవాటు మా నాయనది, నాకూ వచ్చింది. పోయిన ఏడాది బండి తిరిగింది 281 రోజులు. అందులో 100 కిలోమీటర్ల లోపు తిరిగినవి 204 రోజులు, ఎక్కువగా 70 నుంచి 90. ఆ రోజుల బరువు కూడా చూశా, కూరగాయలు 700 కిలోలు దాటింది తక్కువే. మిగతా 77 రోజులు పత్తి, మిర్చి. కానీ ఏడాది సంపాదనలో మూడో వంతు పైగా ఆ 77 రోజులదే. అక్కడే పడింది చిక్కు.

పాత బండికి లక్షా పది వేలు ఇస్తామన్నారు. అమ్మకుండా ఉంచుకుని సీజన్‌కు అది, మిగతా రోజులకు చిన్న ఎలక్ట్రిక్ అనుకుంటున్నా. ఎలక్ట్రిక్ ఆగిపోయినా 19 రోజులు పస్తు ఉండక్కర్లేదు. ఎనుమాముల మార్కెట్ వాళ్లు యార్డులో నాలుగు చార్జింగ్ పాయింట్లు పెడితే ఇంకా మంచిది. సీజన్‌లో గేటు బయట గంటల తరబడి ఊరికే నిలబడతాం.

హిసాబ్_పక్కా:
రెండు బళ్ల ఇన్సూరెన్స్, పాతదాని ఫిట్‌నెస్ కలుపుకున్నారా? 2028కి దానికి 15 ఏళ్లు నిండుతాయి.

పరకాల_ట్రాలీ:
ఇన్సూరెన్స్ కలిపాను. ఫిట్‌నెస్ కలపలేదు.

కాజీపేట_వైండింగ్:
ఇంట్లో 15 యాంపుల సాకెట్‌కు వేరే వైరు లాగించండి, ఎర్తింగ్ కొత్తగా వేయించండి. పాత వైరింగ్ మీద రాత్రంతా చార్జింగ్ పెడితే బండి కన్నా ముందు మీ బోర్డు కాలుతుంది.

మిర్చి_సీజన్:
అంటే సీజన్ లోపల ఆ పాత ఇంజిన్ మూడోసారి విప్పుతున్నారన్నమాట.

పరకాల_ట్రాలీ:
మెకానిక్ సోమవారం రమ్మన్నాడు.