కార్ట్ వెనక ఎత్తు: చల్లని ట్రాక్ మీద పెంచాలా, తగ్గించాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా రేసింగ్ గో-కార్ట్‌కు 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న యాక్సిల్ (వెనక చక్రాలను కలిపే ఇరుసు) ఉంది. అది తిరిగే బేరింగ్‌లను బిగించడానికి ఛాసిస్ (బండి చట్రం) మీద మూడు ఎత్తుల్లో రంధ్రాలున్నాయి, మొదటి నుంచీ మధ్య రంధ్రాల్లోనే ఉంచాను. ఉదయం ట్రాక్ చల్లగా ఉన్నప్పుడు మలుపు మధ్యకు రాగానే వెనక భాగం మెల్లగా, ఒకే తీరుగా బయటికి జారిపోతోంది. టైర్లు కొత్తవి, గాలి సరిగానే ఉంది. బరువు ఎంత కిందికి ఉంటే బండి అంత నిలకడగా ఉంటుందని కార్ల గురించి చదివాను కాబట్టి వెనక ఎత్తు తగ్గిద్దామనుకున్నాను. కానీ తోటి డ్రైవర్ ఒకరు పెంచమంటున్నారు. ఏది సరైనదో, ఎందుకో వివరించగలరా? మార్చేటప్పుడు ఇంకేమేం చూసుకోవాలో కూడా చెప్పండి.

మొదటి సమాధానం

మీ మిత్రుడు చెప్పిందే సరైనది. కార్లకు వర్తించే సూత్రం ఇక్కడ నేరుగా పనిచేయదు, ఎందుకంటే కార్ట్‌కు సస్పెన్షన్ లేదు, డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే అమరిక) కూడా లేదు. వెనక చక్రాలు రెండూ ఒకే యాక్సిల్‌కు బిగించి ఉంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరమూ, లోపలి చక్రం తక్కువ దూరమూ పోవలసి ఉన్నా, రెండూ ఒకే వేగంతో తిరగక తప్పదు. ఈ చిక్కు విడిపోవాలంటే లోపలి వెనక చక్రం కాసేపు నేలను వదలాలి, లేదా దాని మీద బరువు బాగా తగ్గాలి. స్టీరింగ్ తిప్పగానే కాస్టర్ కోణం (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలి ఉండే కోణం) వల్ల లోపలి ముందు చక్రం నేలను గట్టిగా నొక్కుతుంది, ఛాసిస్ ఆ మూలన పైకి లేస్తుంది, బరువు ఎదురు మూలనున్న బయటి వెనక చక్రం మీదికి చేరుతుంది, లోపలి వెనక చక్రం తేలిపోతుంది. కార్ట్ మలుపు తిరగడమంతా ఈ ఎత్తుడు మీదే ఆధారపడి ఉంది.

వెనక ఎత్తు పెంచితే సీటు, డ్రైవర్, ఇంజన్ అన్నీ ఛాసిస్‌తో పాటు పైకి వస్తాయి, మలుపులో బయటి టైరు మీదికి మరింత బరువు మళ్లుతుంది. పట్టు తక్కువగా ఉన్న ట్రాక్ మీద ఆ టైరు రోడ్డును కరిచి పట్టుకోవడానికి అదే కావాలి. దీనికి ఒక పక్క ఫలితం ఉంది: ఛాసిస్ ముందుకు వాలుతుంది కాబట్టి కాస్టర్ స్వల్పంగా తగ్గుతుంది, స్టీరింగ్ కొంచెం తేలికగా అనిపించవచ్చు. దానికి కంగారు పడకండి.

రెండవ సమాధానం

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. అయితే రంధ్రాలు మార్చే ముందు ఒక విషయం నిర్ధారించుకోవాలి, ఎందుకంటే పట్టు చాలకపోయినా వెనక భాగం వదిలేస్తుంది, పట్టు మరీ ఎక్కువైనా వదిలేస్తుంది. పట్టు చాలనప్పుడు జారడం మీరు రాసినట్టే మెల్లగా, ఒకే తీరుగా ఉంటుంది. పట్టు ఎక్కువైనప్పుడు మాత్రం వెనక భాగం మొదట గట్టిగా పట్టుకుని, తర్వాత గంతులు వేస్తూ వదులుతుంది, మలుపు దాటాక ఇంజన్ గొంతు నొక్కినట్టు వేగం అందుకోలేదు. అలాంటప్పుడు వెనక ఎత్తు పెంచితే పరిస్థితి ఇంకా చెడుతుంది. చాలా ట్రాక్‌ల మీద పొద్దెక్కే కొద్దీ రబ్బరు పేరుకుని పట్టు పెరుగుతుంది కాబట్టి, ఉదయం పనికొచ్చిన ఎత్తు మధ్యాహ్నానికి పనికిరాకపోవచ్చు. అప్పుడు పట్టు తగ్గించడానికి మళ్లీ రంధ్రాలు మార్చే బదులు వెనక హబ్‌లను (చక్రాలను యాక్సిల్‌కు బిగించే భాగాలను) ఒక్కో పక్క 5 మిల్లీమీటర్లు బయటికి జరిపి చూడండి, ఆ పని చాలా త్వరగా అయిపోతుంది. అంతర్జాతీయ నిబంధనల్లో పెద్దల తరగతులకు వెనక వెడల్పు 1400 మిల్లీమీటర్లు దాటకూడదన్నది మాత్రం గుర్తుంచుకోండి.

మూడవ సమాధానం

చేసే పద్ధతి గురించి చెబుతాను, ఎందుకంటే తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. నేల నుంచి యాక్సిల్ ఎత్తు టైరు వ్యాసార్ధాన్ని బట్టి ఉంటుంది, దాన్ని మనం మార్చడం లేదు. మారేది ఛాసిస్ ఎత్తు. అందువల్ల ఛాసిస్ పైకి రావాలంటే బేరింగ్‌లను కింది రంధ్రాల్లోకి దించాలి. దీన్ని తలకిందులుగా చేసి, పెంచామనుకుంటూ తగ్గించినవాళ్లను నేను చూశాను. మూడు బేరింగ్‌లుంటే మూడింటినీ ఒకే స్థాయికి మార్చాలి.

బోల్టులను ఒకేసారి బిగించకండి. బేరింగ్ లోపలి చిన్న స్క్రూలను వదులు చేసి ఉంచి, బోల్టులను కొద్దికొద్దిగా బిగిస్తూ, యాక్సిల్‌ను చేత్తో తిప్పుతూ, అటూ ఇటూ తోస్తూ ఉండండి. ఎక్కడైనా బిగుసుకుంటే ఆ బోల్టు దగ్గరే ఆగి సరిచేయండి. యాక్సిల్ రెండు వేళ్లతో నెట్టినా సాఫీగా కదిలినప్పుడే ఆ స్క్రూలను బిగించాలి.

తర్వాత చైన్. ఇంజన్ ఛాసిస్ మీద, పెద్ద స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) యాక్సిల్ మీద ఉంటాయి కాబట్టి ఎత్తు మారగానే వాటి మధ్య దూరమూ మారుతుంది. యాక్సిల్‌ను పూర్తిగా ఒక చుట్టు తిప్పి, చైన్ అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట వదులు చూసుకోండి. బ్రేక్ క్యాలిపర్ (ప్యాడ్‌లతో డిస్క్‌ను నొక్కే భాగం) బేరింగ్‌తో పాటు కదిలే రకమైతే ఇబ్బంది లేదు. విడిగా ఛాసిస్‌కే బిగించిన రకమైతే డిస్క్ దానికి పొసగకుండా జరుగుతుంది, ప్యాడ్ అంచు డిస్క్ దాటి బయటికి వస్తుంది. ఆ అంచు అరగకుండా పెదవిలా మిగిలిపోతే బ్రేక్ సరిగా పట్టదు. దీన్ని చూడకుండా ట్రాక్ మీదికి వెళ్లవద్దని గట్టిగా కోరుతున్నాను.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న బేరింగ్‌లను కింది రంధ్రాల్లోకి మార్చాను. నా క్యాలిపర్ ఛాసిస్‌కు బిగించిన రకమే. చూస్తే ప్యాడ్ దాదాపు 3 మిల్లీమీటర్లు డిస్క్ బయటికి వచ్చి ఉంది, బ్రాకెట్ సరిచేశాకే బయల్దేరాను. ఉదయం జారడం పోయింది, మలుపులో స్టీరింగ్‌ను ఎదురు తిప్పవలసిన అవసరమే రాలేదు. మధ్యాహ్నం రెండవ సమాధానంలో చెప్పినట్టే గంతులు మొదలయ్యాయి, హబ్‌లను 5 మిల్లీమీటర్లు బయటికి జరిపాక చాలావరకు తగ్గాయి. పొడవైన మలుపులో మాత్రం ఇంజన్ ఇంకా కొంచెం నొక్కుకుంటోంది. వచ్చే వారం బేరింగ్‌లను మధ్య రంధ్రాల్లోకి తెచ్చి, వెడల్పు మార్చకుండా అదే మలుపును మళ్లీ చూస్తాను.