టార్చ్ పగడం ముడుచుకునే ఉంది, ఆక్రో తెల్లబడుతోంది: ఫ్రాగ్స్ (పగడం ముక్కలు) ఎక్కడ పెట్టాలి?

ఉప్పునీటి_పిచ్చి (ఫ్రిస్కో, టెక్సస్):

అందరికీ నమస్కారం. ఏడు నెలల కిందట 40 గ్యాలన్ల ట్యాంకు పెట్టాను, 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, నడిమధ్యలో ఒకటే ఎల్‌ఈడీ లైటు. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ, అన్నీ హాయిగా ఉన్నాయి. పోయిన నెల ఇక్కడ పగడాల సంత పెడితే ఊరికే చూసొద్దామని వెళ్ళి ఆరు ముక్కలతో తిరిగొచ్చాను (ఇంట్లో రెండే అని చెప్పాను). పొడుగాటి వేళ్ళుండే రెండు తలల టార్చ్, ఒక హామర్, జోవాలు, గ్రీన్ స్టార్ పాలిప్స్, మాంటిపోరా, వేలెడంత ఆక్రోపోరా (ఆక్రో) పుల్ల.

టార్చ్ అంటే నాకు ప్రాణం కాబట్టి తెచ్చిన రోజే పైన, సరిగ్గా లైటు కింద పెట్టాను. తెల్లారేసరికి ముడుచుకుపోయింది. ఫ్లో (పంపు తోసే నీటి ఒరవడి) ఎక్కువైందేమో అని పక్కకి జరిపాను, రెండు రోజులాగి కిందికి దించాను, అక్కడ తెరుచుకోకపోతే మళ్ళీ పైకి. ఆక్రోకి లైటు బాగా కావాలని ఎక్కడ చూసినా రాస్తారు కదా, అందుకే దాన్ని అన్నిటికంటే పైన పెడితే ఇప్పుడు పైవైపంతా పాలిపోయి తెల్లగా అయిపోతోంది. జోవాలని టర్బో నత్త రోజూ దొర్లిస్తోంది, రోజూ పొద్దున్నే చెయ్యి పెట్టి వెతుక్కోవడమే పని. గ్రీన్ స్టార్ ఒక్కటే పెద్ద రాతి మీద దర్జాగా ఉంది.

నీళ్ళ లెక్కలు: సెలినిటీ 1.025, వేడి 78 ఫారెన్‌హీట్, ఆల్కలినిటీ 8.4, కాల్షియం 430, నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.06. సంక్రాంతికి మూడు వారాలు ఇండియా వెళ్తున్నాం, ఇంకో నాలుగు వారాలే టైముంది. ఈలోపు దేన్ని ఎక్కడ అంటించాలో కాస్త చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

రాతిగూడు (న్యూజెర్సీ):

తమ్ముడూ, నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి, జబ్బంతా నీ చేతిలోనే ఉంది. ముందు ఆ చెయ్యి బయటికి తీయ్.

పగడం తిండిలో ఎక్కువ భాగం దాని ఒంట్లో కాపురముండే ఆల్గే (నాచులాంటిది) వండిపెట్టేదే. ఎంత వెలుగుంటే ఎంత ఆల్గే కావాలో పగడం మెల్లగా సర్దుకుంటుంది, దానికి రోజులు కాదు, వారాలు పడుతుంది. నువ్వు రెండు రోజులకోసారి చోటు మారిస్తే ప్రతిసారీ ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఒక్కసారిగా వెలుగు ఎక్కువైతే ఆల్గేలోంచి ఒంటికి విషంలాంటి ఆక్సిజన్ పుడుతుంది, పగడం ఆ ఆల్గేనే బయటికి నెట్టేస్తుంది. నీ ఆక్రో తెల్లబడుతున్నది అందుకే. పైవైపు మాత్రమే పాలిపోయింది అన్నావు చూడు, అక్కడే దొరికిపోయింది. నీళ్ళ సమస్య అయితే ఒకవైపే పట్టదు. చీకటెక్కువైతే దీనికి పూర్తి వ్యతిరేకంగా, ఉన్న వెలుగంతా పట్టుకోవడానికి ఆల్గేని పెంచుకుని గోధుమరంగుకి తిరుగుతుంది. గోధుమరంగైన పగడం చాలాసార్లు కోలుకుంటుంది, తెల్లబడ్డదానికి టైము తక్కువ. అందుకే ఏ కొత్త ముక్కనైనా కింద మొదలుపెట్టి పైకి తేవాలి, పైన పెట్టి కిందికి దించకూడదు.

పార్ మీటర్ (పగడాల ఆల్గేకి పనికొచ్చే వెలుగుని కొలిచేది) అంకెల్లో చెప్పాలంటే నేను జోవాలు, గ్రీన్ స్టార్ లాంటి వాటికి 50 నుంచి 150 మధ్య ఇస్తాను, టార్చ్, హామర్‌లకి 80 నుంచి 150, మాంటిపోరాకి 200 దాటి, ఆక్రోకి 250 నుంచి 350. కానీ ఆక్రో ఆ 300కి చేరడానికి నేను నెలన్నర తీసుకుంటాను. నువ్విప్పుడు దాన్ని ట్యాంకు సగం ఎత్తుకి దించు, లైటుని ఇప్పుడున్నదాంట్లో మూడో వంతు తగ్గించు, రంగు తిరిగాక వారానికి ఐదు శాతం చొప్పున పెంచుకుంటూ పో. నన్నడిగితే ఏడు నెలల ట్యాంకులో ఆక్రో తొందరే, సరే, తెచ్చేశావు కదా.

టార్చ్ సంగతి వేరు, దానికి లైటు కంటే ఫ్లోతోనే పేచీ. వేళ్ళన్నీ పైరు గాలికి ఊగినట్టు అటూ ఇటూ ఊగాలి. అన్నీ ఒకేవైపుకి వాలిపోయి ఉంటే పంపు నేరుగా కొడుతోందని అర్థం, అలాగే వదిలేస్తే అస్థిపంజరం అంచుకి రాసుకుని కండ చిరుగుతుంది. పంపుని ముక్కల మీదికి కాకుండా ఎదురుగా ఉన్న అద్దం మీదికి తిప్పు, కొట్టి తిరిగొచ్చే నీళ్ళు చాలు. ఎక్కడ ఎలా తిరుగుతోందో తెలియాలంటే చేపలకి మేత వేసినప్పుడు ఐదు నిమిషాలు కూర్చుని ఆ నూక ఎటు పోతోందో చూడు, ఏ మూల పేరుకుంటే అది చచ్చిన మూల, అక్కడ ఏదీ పెట్టకు. పగడం ఒంటిని అంటిపెట్టుకుని కదలని నీటి పొర ఒకటుంటుంది. ఆక్సిజన్, తిండి లోపలికి రావాలన్నా మలినం బయటికి పోవాలన్నా ఆ పొర పలచబడాలి, ఫ్లో చేసే పని అదే.

టార్చ్‌ని ఒక చివర, కింది మూడో వంతులో పెట్టు. నడిమధ్య లైటు కాబట్టి చివర్లలో వెలుగు దానంతటదే తగ్గుతుంది. చుట్టూ ఆరంగుళాలు ఖాళీ ఉంచు. పగలు చూస్తే ఇంత చోటు దండగ అనిపిస్తుంది గానీ రాత్రి లైట్లు ఆరిన రెండు గంటలకి టార్చ్‌లైటు వేసి టార్చ్‌ని చూడు, పొడుగాటి వేళ్ళు చాపి పక్కవాళ్ళని ఎలా కుడుతుందో తెలుస్తుంది. హామర్‌కి కూడా ఇది తగలకూడదు. రెండూ దగ్గర చుట్టాలే, అయినా టార్చ్ చేతిలో హామర్ కాలిపోవడం నేను రెండుసార్లు చూశాను.

నత్తలరాజు (డాలస్):

బ్రో, నాకు నీ టార్చ్ కంటే ఆ గ్రీన్ స్టార్‌ని చూస్తేనే భయంగా ఉంది. పెద్ద రాతి మీద పెట్టావా?? ఇవాళే పీకేయ్. అది గరికలాంటిది, ఊదారంగు చాపలాగా రాయంతా అల్లుకుపోతుంది, మాంటిపోరాని కూడా కప్పేస్తుంది. విడిగా ఇసుక మీద ఒక చిన్న రాయి వేసి దానికి అప్పగించు, లేదంటే వెనక అద్దానికి అంటించు, గోడంతా పచ్చగా బాగుంటుంది. మొదటి ట్యాంకులో నేనూ నీలాగే చేశాను, చివరికి రాయే తీసేయాల్సి వచ్చింది.

నత్త పడేస్తోందంటే అంటించలేదనేగా. జెల్ రకం సూపర్ గ్లూ కొను, పల్చగా కారేది వద్దు. ప్లగ్ (ముక్కని అంటించి అమ్మే చిన్న దిమ్మ) కాడని కట్టర్‌తో కత్తిరించి, అడుగు తుడిచి, జెల్ పెట్టి, దాని మీద ఎపాక్సీ ముద్ద, మళ్ళీ జెల్, ఆ రాతి చోటుని పాత టూత్‌బ్రష్‌తో రుద్ది నొక్కి ఒక నిమిషం పట్టుకో. నీళ్ళలోనే గట్టిపడుతుంది. ఇంకోటి, జోవాలని కోసేటప్పుడు, రాతి నుంచి పీకేటప్పుడు చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నిట్లో పాలీటాక్సిన్ ఉంటుంది, మామూలు విషం కాదది, వేడినీళ్ళలో ఉడకబెట్టి శుభ్రం చేద్దామని మాత్రం అస్సలు అనుకోవద్దు, ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు.

పార్ మీటర్ కొనకు, ఏడాదికి రెండుసార్లు వాడేదానికి అంత డబ్బెందుకు. పగడాలు పెంచేవాళ్ళ రీఫ్ క్లబ్బుల్లో, కొన్ని షాపుల్లో అద్దెకిస్తారు.

ఒట్టి_చేపలే (హైదరాబాద్):

మీ ముచ్చట్లు చదువుతుంటే కుళ్ళుగా ఉంది. ఇక్కడ రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ కింద ఉన్నాయి, అంటే పులికిచ్చిన రక్షణే పగడానికీ. అందుకే నేను ఉప్పునీళ్ళలో చేపలతోనే ఆగాను. సంక్రాంతికి వస్తూ ఫ్రెండ్‌కి ఒక ముక్క డబ్బాలో పెట్టి తెస్తాననుకోకండి అన్నా, ఈ గట్టి పగడాలు దేశం దాటాలంటే సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) పర్మిట్ కూడా కావాలి. బాదం పప్పులు తెండి చాలు.

ఉప్పునీటి_పిచ్చి:

పన్నెండు రోజులైంది, అప్‌డేట్ ఇస్తున్నాను. టార్చ్‌ని ఎడమ చివర ఇసుకకి కాస్త పైన పెట్టి పంపు తిప్పేశాను. మూడు రోజులు మొండికేసింది, నాలుగో రోజు మా ఆవిడ చూసి "ఇదేంటి, ఇంత పెద్దదా" అంది. నేను అసలు ముట్టుకోలేదు, ఒట్టు. ఆక్రో తెల్లదనం ఆగింది, రంగు ఇంకా రాలేదు గానీ రాత్రిపూట పాలిప్స్ (పగడంలోని బుల్లి జీవులు) కనిపిస్తున్నాయి. జోవాలు అంటించాను. గ్రీన్ స్టార్ అప్పటికే ప్లగ్ దిగి రాతి మీదికి అంగుళం పాకేసింది, చాకుతో గీకి తీశాను, ఏమైనా మిగిలిందో లేదో దేవుడికెరుక.

రాతిగూడు అన్నా, ఆక్రోని, మాంటిపోరాని ఊరెళ్ళేలోపు రాతికి అంటించెయ్యనా? ఆక్రోని నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?

రాతిగూడు:

మాంటిపోరాని అంటించు, ప్లగ్ రాతికి ఆనుకునేలా, మధ్యలో మెట్టు లేకుండా. అప్పుడే అది ప్లగ్ దిగి రాయి మీదికి పాకుతుంది. తర్వాత దాన్నే రెండు మూడు ముక్కలు చేసి అంగుళం దూరంలో పక్కపక్కనే అంటిస్తే ఒకే పగడం ముక్కలు కాబట్టి కొట్టుకోకుండా అతుక్కుని ఒకటైపోతాయి. ఫ్లోరిడాలో మోట్ మెరైన్ లేబొరేటరీలో డేవిడ్ వాన్ అనే శాస్త్రవేత్త చిన్న చిన్న ముక్కలు చేసి రీఫ్‌ని తిరిగి పెంచడానికి వాడిన పద్ధతి ఇదే, అది కూడా పొరపాటున ముక్క విరిగితే బయటపడిందే.

ఆక్రోని ఇప్పుడు అంటించొద్దు. రంగు తిరగనిదాన్ని ఎక్కడ అంటించినా మళ్ళీ పీకాల్సొస్తుంది. అద్దానికి అంటుకునే అయస్కాంతం ర్యాక్ ఒకటి కొని సగం ఎత్తులో దానిమీదే వదిలేసి వెళ్ళు. వచ్చాక అంటించేటప్పుడు పడుకోబెట్టు. నిలబెడితే ఒక కొన పైకి పోతుంది, పడుకోబెడితే పైవైపు నుంచి చాలా కొమ్మలు లేస్తాయి, చెట్టులాంటి ఆకారం తొందరగా వస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకో, అది పెరిగాక కిందంతా నీడే. హామర్‌ని దాని కింద పెట్టకు.

ఊరెళ్ళే వారం ముందు నుంచి లైటు, పంపు, డోసింగ్ (నీళ్ళలో కాల్షియం లాంటివి కలపడం) ఏదీ మార్చకు. ఆవిరైపోయే నీళ్ళు నింపే ఏటీవోకి పెద్ద బకెట్ పెట్టి, పక్కింటివాళ్ళకి మేత రోజువారీ పొట్లాలు కట్టి ఇవ్వు. డబ్బా ఇస్తే డబ్బా మొత్తం వేస్తారు.

నత్తలరాజు:

ముట్టుకోలేదంటున్నావు, గ్లూ మరక చొక్కా మీద కనిపిస్తోందేమో చూసుకో. ఆరు ముక్కల సంగతి ఇంట్లో తెలిసిందా ఇంతకీ?

ఉప్పునీటి_పిచ్చి:

నిన్న మా పాప లెక్కపెట్టి చెప్పేసింది.