మిరప కల్లం ఫోటోలు: రంగుల్లోనా, బ్లాక్ అండ్ వైట్‌లోనా?

కల్లం_కెమెరా:
గుంటూరు దగ్గర మా ఊరి మిరప కల్లాల్లో రెండు సీజన్లు తీసిన వాటిలోంచి పన్నెండు ఫోటోలు ప్రదర్శనకు ఎంచాను. నాకు నేర్పిన మాస్టారు చూసి, అన్నీ బ్లాక్ అండ్ వైట్ చెయ్యమన్నారు, లేకపోతే ఎరుపు తప్ప ఇంకేమీ కనపడదట. నాకు మనసొప్పడం లేదు. కల్లంలో ఆడవాళ్లు రోజంతా చేసేది తాలు ఏరడం. రంగు పోయిన కాయ తాలు, దానికి ధర బాగా పడిపోతుంది. యార్డులో కొనేవాళ్లు ముందు చూసేదీ రంగే. ఆ రంగే తీసేస్తే ఆవిడ దేన్ని ఏరుతోందో ఎలా తెలుస్తుంది?

వెలుగునీడ:
మాస్టారి మాటే నాది కూడా అండీ. ఎర్ర కుప్ప ముందు మనిషి ముఖం ఎవరికీ ఆనదు. పైగా తాలు తెల్లగా ఉంటుంది కదా, బ్లాక్ అండ్ వైట్‌లో ఇంకా బాగా తేలుతుంది. కంప్యూటర్లో మార్చేటప్పుడు ఎరుపు స్లైడర్ కిందికి లాగండి, ఎర్రకాయ నల్లబడి తాలు విడిగా కనపడుతుంది. ఎరుపుని పట్టుకోలేని పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము మీద కుంకుమ బొట్టు నల్లగా పడేది, ఇదీ అంతే.

పాత_నెగెటివ్:
తేడా తెలుస్తుంది, నిజమే. కానీ పండుమిరప ఎరుపు తెలియదు. ఆ ఎరుపు కోసమే కదా రైతు అంత కష్టపడేది!

కళ అంటే బ్లాక్ అండ్ వైటే అనే నమ్మకం చాలాకాలం గట్టిగా ఉండేది. 1976లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం మోమాలో విలియం ఎగల్‌స్టన్ రంగుల ఫోటోలు పెడితే విమర్శకులు తిట్టిపోశారు. మన దగ్గర రఘుబీర్ సింగ్ (1942–1999) ఆ నమ్మకానికి ఎదురు నిలబడి రంగుల్లోనే తీశారు. ఈ దేశాన్ని రంగు లేకుండా చూడలేమన్నది ఆయన వాదన.

అయినా ఆ వాదన నేను పూర్తిగా ఒప్పుకోను, భోపాల్ వల్ల. 1984 గ్యాస్ దుర్ఘటనలో చనిపోయిన ఒకే పసిబిడ్డ ఖననాన్ని రఘు రాయ్ బ్లాక్ అండ్ వైట్‌లో, పాబ్లో బార్తొలోమ్యూ రంగుల్లో తీశారు. ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫోటో బహుమతి రంగుల దానికే వచ్చింది. నన్ను మాత్రం ఇన్నేళ్లూ వదలనిది రఘు రాయ్ ఫోటో. మట్టి, ఆ ముఖం, దాన్ని తాకుతున్న చెయ్యి. అక్కడ రంగు చెప్పాల్సింది నాకేమీ కనపడదు. మీ కల్లంలో ఉంది. కాబట్టి పన్నెండింటికీ కలిపి ఒకే తీర్పు ఎందుకు? ఒక్కో ఫోటోనూ అడగండి.

వెలుగునీడ:
సరే, భోపాల్ మాట కాదనలేను. రంగులే ఉంచేట్టయితే మిట్టమధ్యాహ్నం తీసినవి మాత్రం వద్దు. ఆ ఎండకి కెమెరా పట్టగలిగినంత ఎరుపూ నిండిపోయి కాయలన్నీ ఒకటే ముద్దవుతాయి, కాయ మీది మెరుపు, ముడతలు పోతాయి. పొద్దున్నే వెళ్లి, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుతురు సగానికి తగ్గించి తీయండి.

కల్లం_కెమెరా:
రాత్రి ఒక్కోటీ మళ్లీ చూశాను. మూడు ఫోటోల్లో ఎరుపు ముద్దే. వాటిని బ్లాక్ అండ్ వైట్ చేసి గట్టెక్కుదామని లోపల నాకూ ఉంది, అది తప్పు. ఆ మూడూ తీసేస్తున్నాను. పని అయ్యాక గట్టు మీద కూర్చున్న అవ్వ చేతుల ఫోటోలో మిరపకాయే లేదు, అదొక్కటి బ్లాక్ అండ్ వైట్‌లో చాలా బాగుంది. మిగతావి రంగుల్లోనే. ముఖాలు ఆనడం లేదన్న మాట నాలుగింటి విషయంలో నిజం, ఈసారి కింద కూర్చుని, ముఖం వెనక ఆకాశం వచ్చేలా తీస్తాను. కాయలింకా కల్లంలోనే ఉన్నాయి, ఆదివారం తెల్లవారుజామున వెళ్తున్నా.