పాత ఆర్‌ఎక్స్ 100 ముందు ఫోర్కుల ఆయిల్ మార్చడం ఎలా?

ప్రశ్న: నా దగ్గర 1994 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. ముందు బ్రేకు వేయగానే బండి కిందికి కుంగిపోతోంది, గతుకుల్లో ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే, కుదుపులు ఆపే రెండు గొట్టాలు) టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్ల దగ్గర మాత్రం తడి లేదు. ఫోర్కులు పూర్తిగా ఊడదీయకుండా ఆయిల్ మార్చవచ్చా?

జవాబు 1: ఫోర్కుల అడుగున డ్రెయిన్ స్క్రూ (ఆయిల్ కార్చే స్క్రూ) ఉంటే మార్చవచ్చండి. ఇంజిన్ కింద దిమ్మ పెట్టి, ముందు చక్రం నేలకు తగలకుండా లేపి, పై మూతలు విప్పండి. లోపలి స్ప్రింగు మూతను పైకి తన్నుతుంది కనుక చివరి చుట్లలో అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. పాత ఆయిల్ బూడిదరంగుకు తిరిగి, చేపనూనె వాసన కొడుతుంటే మార్చే సమయం ఎప్పుడో దాటిపోయిందని అర్థం. స్క్రూ తీశాక ఫోర్కులను నెమ్మదిగా పైకీ కిందికీ ఆడిస్తే అడుగున పేరుకున్న మడ్డి కూడా దిగిపోతుంది.

జవాబు 2: కారిన ఆయిల్‌ను కొలిచి అంతే పోయకండి, కొంత లోపలే మిగులుతుంది, కొంత ఏళ్ల తరబడి తగ్గిపోయి ఉంటుంది. మాన్యువల్‌లోని కొలత, గ్రేడు (ఆయిల్ చిక్కదనం) ప్రకారమే ఫోర్కు రెండు కాళ్లలోనూ సమానంగా పోయాలి. కుంగుడు తగ్గుతుందని మరీ చిక్కటి ఆయిల్ పోస్తే ఫోర్కు తిరిగి లేవడం మందగించి, వరుస గతుకుల్లో చక్రం పట్టు తప్పుతుంది.

జవాబు 3: సీలు మీది రబ్బరు తొడుగు ఎత్తి ఫోర్కు లోహపు గొట్టాన్ని గోటితో తడిమి చూడండి. తుప్పు గుంటలు తగిలితే కొత్త సీలు కూడా నిలవదు.