పికప్ బండి: తాళం తిప్పితే టక్‌మంటుంది, సెల్ఫ్ మాత్రం తిరగదు

ప్రశ్న: టమాటా రైతు, మదనపల్లె దగ్గర పల్లె

అన్నలందరికీ నమస్కారం. మాది బీఎస్-4 డీజిల్ పికప్. రాత్రే టమాటా క్రేట్లు ఎక్కించి పెట్టుకున్నాం. తెల్లవారుజామున యార్డుకు బయలుదేరదామని తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోతోంది. సెల్ఫ్ తిరగడం లేదు. హెడ్‌లైట్లు బాగా వెలుగుతున్నాయి, హారన్ గట్టిగా మోగుతోంది. బ్యాటరీ సంక్రాంతికి వేయించిన కొత్తదే. ఈమధ్య వానల్లో బండిని వాగు దాటించాం. అప్పటినుంచి ఒక్కోరోజు రెండు మూడుసార్లు తిప్పితేగానీ అందుకోవడం లేదు. ఫోన్ చేస్తే మెకానిక్ సెల్ఫ్ మోటారు పోయుంటుంది, మార్చాలంటున్నాడు. వేలం టైము దాటిపోతుందని టెన్షన్‌గా ఉంది. తోసి స్టార్ట్ చేయొచ్చా?

జవాబు: డ్రైవర్, సూర్యాపేట

లోడుతో తోయొద్దు తమ్ముడూ. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేకుకు బూస్టర్ సాయం ఉండదు, స్టీరింగూ బిగుసుకుంటుంది. పల్లం వైపు కదిలిందంటే ఆపలేవు. ముందు సరుకు సంగతి చూడు. ఊళ్ళో ఇంకో బండి ఉంటే క్రేట్లు అందులోకి మార్చి పంపెయ్, బండి సంగతి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇంకో మాట. వేరే బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోవాలనుకుంటే కారుగానీ, 12 వోల్టుల ట్రాక్టర్‌గానీ అయితేనే తీసుకో. పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. అది నీ బండికి తగిలిస్తే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీఎం) కాలిపోవచ్చు.

జవాబు: ఆటో ఎలక్ట్రీషియన్, అనంతపురం

సెల్ఫ్ మోటారు కొనడానికి ఇప్పుడే తొందరపడకండి. మీరు చెప్పిన గుర్తుల్లో రెండు నాకు వేరే దారి చూపిస్తున్నాయి: వాగు దాటాక మొదలైంది, ఒకసారి తిరుగుతుంది ఒకసారి తిరగదు.

లైట్లు బాగా వెలుగుతున్నాయంటే కరెంటు దారి మొత్తం బాగుందని కాదు. రెండు హెడ్‌లైట్లూ కలిపి తీసుకునేది సుమారు 10 ఆంపియర్లు. డీజిల్ ఇంజిన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు, అంతకు మించి కూడా లాగుతుంది. వైరు లోపల తుప్పు పట్టి నాలుగు పోగులే మిగిలినా లైటు వెలుగుతుంది, మోటారుకు కరెంటు కలిపే స్విచ్ లాంటి సొలినాయిడ్ టక్‌మంటుంది. మోటారుకు మాత్రం ఆ దారి చాలదు.

ఒకసారి హెడ్‌లైట్లు వేసి, వాటిని చూస్తూ తాళం తిప్పండి. లైట్లు బాగా డిమ్ అయిపోతే బ్యాటరీ డౌన్ అయినట్టు, లేదా బ్యాటరీ టెర్మినల్ లూజు, లేదా మోటారు పట్టేసింది. టకటకటక అని వరసగా కొట్టుకుంటే చాలామటుకు బ్యాటరీలో బలం లేదనే అర్థం. ఒక్కటే టక్, లైట్లలో మాత్రం మార్పు లేదంటే కరెంటు మోటారులోంచి పోవడమే లేదు. దానికి కారణం సొలినాయిడ్ లోపలి కాంటాక్టులు కావచ్చు, కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండవచ్చు, ఇంజిన్ ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరే దారి అయినా కావచ్చు. ఈ మూడో దాన్ని చాలామంది చూడనే చూడరు.

ఇంజిన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుంటుంది కాబట్టి దానికి, చాసిస్‌కు మధ్య విడిగా ఒక లావాటి ఎర్త్ వైరు ఉంటుంది. ఎక్కువగా గేర్‌బాక్స్ దగ్గర, కింది వైపు. బురద నీళ్ళు ముందు తగిలేది దానికే. లైట్ల ఎర్త్ నేరుగా బాడీకి ఉంటుంది కాబట్టి వాటికి ఏమీ తెలియదు.

మీటరు లేకపోయినా దీన్ని పట్టుకోవచ్చు. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ పైకి, చక్రాల కింద రాళ్ళు. జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఇంజిన్ మీద పెయింటు, గ్రీజు లేని ఇనుముకు గట్టిగా పట్టించండి. ఫ్యాను, బెల్టులకు దూరంగా పెట్టండి. ఇప్పుడు తాళం తిప్పండి. సెల్ఫ్ తిరిగిందా, తప్పు ఎర్త్‌దే. తిరక్కపోతే మోటారు విప్పించి చూపించండి. అప్పుడైనా బ్రష్‌లు, సొలినాయిడ్ విడిగా మార్చుకోవచ్చు, మొత్తం మోటారు కొనక్కర్లేదు.

స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటారు మీద షార్ట్ చేసి లేపుతామని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. బండి గేరులో ఉండిపోతే కింద ఉన్న మనిషి మీదికే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

క్రేట్లు పక్కింటాయన బండిలో పంపేశాం అన్నా. తర్వాత ట్రాక్టర్ ఉన్న మా మామ దగ్గర కేబుల్ తెచ్చి మీరు చెప్పినట్టే పెట్టాం. ఒక్క తిప్పుకే లేచింది! కింద దూరి చూస్తే గేర్‌బాక్స్ దగ్గరి వైరు లగ్గు (కొసన బోల్టుకు బిగించే రింగు) పచ్చగా పట్టేసి, చేత్తో కదిపితే పోగులు రాలిపోతున్నాయి. మరి బ్యాటరీ ఏమైనా దెబ్బతిని ఉంటుందా?

జవాబు: ఆటో ఎలక్ట్రీషియన్, అనంతపురం

సంతోషం. అయితే కేబుల్ పెట్టుకుని అలాగే తిప్పకండి. డైనమో కరెంటు కూడా ఆ ఎర్త్ మీదుగానే బ్యాటరీకి చేరాలి. మంచి ఎర్త్ లేకపోతే ఆ భారం గేరు కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ లాంటి ఇనుప తీగల మీద పడి అవి వేడెక్కుతాయి. పాత వైరు ఎంత లావుందో అంతకు తగ్గనిది, రెండు కొసలా లగ్గులు ప్రెస్ చేసింది వేయించండి. బోల్టు కూర్చునే చోట ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది బిగించాక, పైన కొంచెం పెట్రోలియం జెల్లీ రాయండి.

బ్యాటరీకి ఒకసారి మీటరు పెట్టించండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉంది. 12.2 అంటే సగమే. ఇంజిన్ నడుస్తుండగా దాదాపు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కు, ఇంజిన్ ఇనుముకు మధ్య అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే కొత్త ఎర్త్ కూడా సరిగ్గా కూర్చోలేదన్నట్టు.

ప్రశ్న: పాల వ్యాన్ నడిపే అతను, ఒంగోలు వైపు

అన్నా, మా పికప్‌ది దీనికి పూర్తిగా రివర్స్. సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. దారిలో డీజిల్ అయిపోతే క్యాన్‌తో తెచ్చి పోశాం. కామన్ రైల్ ఇంజిన్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హై ప్రెషర్ పైపులోంచి డీజిల్ వెళ్ళే రకం).

జవాబు: ఆటో ఎలక్ట్రీషియన్, అనంతపురం

అయితే డీజిల్ వైపు చూడాలి, లైన్లో ఎయిర్ పట్టింది. ఫిల్టర్ దగ్గర హ్యాండ్ పంపు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కుతూ ఉండండి. తర్వాత సెల్ఫ్ 10 సెకన్లకు మించి కొట్టొద్దు. మళ్ళీ కొట్టేముందు ఒక నిమిషం ఆగండి, లేకపోతే మోటారు వైండింగ్ వేడెక్కి పాడవుతుంది.

పాత ఇంజిన్లకు చేసినట్టు ఇంజెక్టర్ నట్లు లూజు చేసి ఎయిర్ తీయడం మాత్రం వద్దే వద్దు. కామన్ రైల్ పైపులో ఒత్తిడి వెయ్యి బార్‌లు దాటుతుంది. ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలాగే కనిపించినా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన గాయం అది.

క్యాన్ డీజిల్ అన్నారు కాబట్టి ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ కొంచెం లూజు చేసి, వచ్చేది గ్లాసులో పట్టి చూడండి. నీళ్ళుంటే అడుగుకు దిగుతాయి.

పాల వ్యాన్ అతను

పంపు గట్టిపడ్డాక స్టార్ట్ అయింది అన్నా, థాంక్స్. గ్లాసు అడుగున నీళ్ళు కనిపించాయి.

జవాబు: ఆటో ఎలక్ట్రీషియన్, అనంతపురం

అయితే ట్యాంకులోనూ ఉంటాయి. ఈరోజే ట్యాంకు డ్రెయిన్ చేయించి ఫిల్టర్ మార్చండి. నీళ్ళు హై ప్రెషర్ పంపుదాకా వెళ్తే ఇంజెక్టర్లు కూడా మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు ముందు ఫిల్టర్ ధర ఏ మూలకూ రాదు.