బెంటన్‌విల్‌లో పెద్దవాళ్లతో ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి

నమస్తే అండీ. మావారికి వాల్‌మార్ట్ హెడ్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల డాలస్ నుంచి అర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌కి మారుతున్నాం. 2020 లెక్కల ప్రకారం 54 వేల జనాభా ఉన్న ఊరు. 1950లో వాల్‌మార్ట్ స్థాపకుడు శామ్ వాల్టన్ కొట్టు పెట్టిన ఊరి నడిబొడ్డు స్క్వేర్‌లోనే ఇప్పుడు వేసవి శనివారాల్లో రైతుల సంత జరుగుతుంది. 2011లో తెరిచిన క్రిస్టల్ బ్రిడ్జెస్ ఆర్ట్ మ్యూజియంకి మామూలు ప్రవేశం ఉచితం. ఇవన్నీ నాకు నచ్చాయి.

టెన్షనల్లా మా అత్తయ్యగారి గురించే. ఆవిడకి కారు నడపడం రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. సాయంత్రం నడకకి వెళ్తే పలకరించే మనిషి ఉండాలి. స్క్వేర్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఇల్లు తీసుకోమంటారా, లేక మనవాళ్లు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లు చూడమంటారా? చలికాలంలో పెద్దవాళ్లకి పొద్దు ఎలా గడుస్తుందో కూడా చెప్పండి.