డెస్క్‌టాప్ నిండా ఫైళ్లు: ఫోల్డర్లు కట్టాలా, సెర్చ్‌ను నమ్ముకోవాలా?

కడప_డీటీపీ: మా షాపు కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద ఈ రోజు లెక్కపెడితే 214 ఫైళ్లు తేలాయి. దస్తావేజు ముసాయిదాలు, పెండ్లి పత్రికలు, స్కాన్ కాపీలు అన్నీ కలిసిపోయాయి. ఏడాదికొక ఫోల్డర్, అందులో నెలకొకటి కట్టాలని నేనంటాను. సెర్చ్ ఉండగా ఆ శ్రమ ఎందుకని మా తమ్ముడంటాడు. అనుభవమున్నవారు చెప్పండి.

అనంత_ఆపరేటర్: మీ తమ్ముడి మాటే సరైనది. ఎవ్రీథింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. డిస్కులోని ఫైళ్ల పట్టికను అది నేరుగా చదువుకుంటుంది కనుక, పేరులో నాలుగక్షరాలు కొట్టేసరికి జాబితా ముందుంటుంది.

కడప_డీటీపీ: పేరు తెలిసినప్పుడు కదండీ! స్కానర్ తనంతట తాను ‘స్కాన్0047’ అని పెడుతుంది. లోపల ఉన్నది బొమ్మ కాబట్టి అందులోని మాట వెతికినా దొరకదు. ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లలో కొట్టిన ముసాయిదాలు మన కంటికి తెలుగే గాని, కంప్యూటర్‌కు ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ తెలుగులో ‘విక్రయం’ అని వెతికితే వాటిలో ఒక్కటీ రాదు.

కర్నూలు_రైటర్: మీ ఊరి పేరే చూడండి. ఇంగ్లిషు స్పెల్లింగు 2005లో మారింది, 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు వచ్చింది. ఒక్క ఊరి కాగితానికి మూడు విధాలుగా వెతకాలి.

అనంత_ఆపరేటర్: ఆ చిక్కు ఫోల్డర్ పేరుకూ ఉంటుంది. 2024-03-15 అని ఏడాదితో మొదలుపెట్టి ఫైలు పేరు రాస్తే అవే వరుసలో నిలబడతాయి. 15-03-2024 అని రాస్తే అన్ని నెలల పదిహేనో తేదీలూ ఒకచోట చేరతాయి. ఇక ఫోల్డర్లెందుకు?

పాతమెకానిక్: డెస్క్‌టాప్ సాధారణంగా సీ డ్రైవులోనే ఉంటుంది, ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి. ముందు వేరేచోట కాపీ తీయండి.

కడప_డీటీపీ: షాపు నాది. ఎక్కడ ఏముండాలో నేను నిర్ణయిస్తే తప్పేమిటి?

అనంత_ఆపరేటర్: తప్పు అక్కడే ఉంది. నేను పనిచేసిన ఆఫీసులో ఒకాయన ఆదివారం వచ్చి, ఎవరికీ చెప్పకుండా అన్నీ సర్దిపెట్టి వెళ్లారు. సోమవారం పని ఇచ్చిన పార్టీ ఎదురుగా కూర్చుని ఉండగా నలభై నిమిషాలు వెతికాను. మాట పడింది నేను. మీ తమ్ముణ్ణి అడిగారా?

కడప_డీటీపీ: అడగలేదు. కానీ నా బాధ కూడా వినండి. ఒక పెద్దాయన గిఫ్టు దస్తావేజుకు ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ ఇదే’ అని తమ్ముడు మూడు ఫైళ్లు ఉంచాడు. అతను ఊళ్లో లేని రోజున నేను పాతదాన్ని ప్రింటు తీశాను. సర్వే నెంబరు తప్పు పడి, స్టాంపు పేపరు వృథా అయ్యింది. ఆ పెద్దాయన రెండోసారి బస్సెక్కి రావలసి వచ్చింది.

అనంత_ఆపరేటర్: అయితే మీకు కావలసింది ఫోల్డర్ కాదు, మీరు లేనప్పుడు అతనికి, అతను లేనప్పుడు మీకు అర్థమయ్యే పేరు.

కడప_డీటీపీ: సాయంత్రం ఇద్దరం కూర్చున్నాం. తేదీ, పార్టీ ఇంటిపేరు, దస్తావేజు రకం అన్న వరుసలో 31 ఫైళ్ల పేర్లు మార్చాం. ఏడాది ఫోల్డర్ల మాట మాత్రం నేను వదులుకోలేదు.